బూరుగు ముల్లు

విజయవాడలోని ఒక బాలికల వసతిగృహంలో, స్నానపు గదుల వెలుపలి గోడకు ఒక అద్దం బిగించి ఉండేది. అంచుల్లో పూత ఊడిపోయి, నడిమధ్య మాత్రమే ముఖం కనిపించే పాత అద్దం. తెల్లవారుజామున చదువు గంట మోగేలోపల నలభైమంది ఆడపిల్లలు దాని ముందే జడలు వేసుకోవాలి. వెనుక నిలబడినవాళ్లు ముందున్నవాళ్లను తొందరపెడుతూ ఉండేవారు. ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం బై.పి.సి. చదువుతున్న ఒక అమ్మాయి మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, ఆ తరువాత అద్దం దగ్గరికి వచ్చేది. జడ వేసుకోవడానికి కాదు, లెక్క చూసుకోవడానికి. రాత్రి గడ్డం మీద ఉన్న మూడు మొటిమలు తెల్లవారేసరికి అయిదయ్యాయా, నుదుటి మీది పెద్దది పక్వానికి వచ్చిందా అని వెదుక్కునేది. లెక్క పూర్తయ్యేసరికి వేళ్లు వాటంతటవే గడ్డం మీదికి పోయేవి.

ఆ అమ్మాయిది తెనాలి దగ్గర పల్లెటూరు. పదవ తరగతి దాకా నున్నని బుగ్గలు. ‘మా మనవరాలివి వెన్నముద్దలు’ అని నాయనమ్మ నలుగురిలో చెప్పుకునేది. ఆ మాటలోని సంతోషం ఎంతటిదో, అది పోయాక దాని బరువూ అంతటిదే అయింది. రెండవ సంవత్సరంలో దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పిన్నమ్మలు, మేనత్తలు గడపలో చెప్పులు విడుస్తూనే, "ఇదేమిటే, ముఖమంతా ఇలా అయిపోయింది?" అన్నారు. ఒకరు నీళ్లు చాలడం లేదన్నారు. ఒకరు వేడి చేసిందన్నారు. మరొకరు పెళ్లయితే అవే పోతాయని నవ్వారు. అడిగినవారిలో చెడ్డవారెవరూ లేరు. అందరూ ఆప్యాయతతోనే అడిగారు. అయినా ఆ నాలుగు రోజుల్లో ఆ ముఖం ఆ పిల్లది కాకుండా పోయి, ఇంటిల్లిపాదీ వైద్యం చేయదగిన ఉమ్మడి ఆస్తి అయింది.

ఈ బాధ కొత్తది కాదు. సుశ్రుత సంహిత క్షుద్రరోగాలను చెప్పేచోట ‘ముఖదూషిక’ అనే పేరుతో దీన్ని వర్ణించింది. యౌవనంలో ఉన్నవారి ముఖం మీద కఫ, వాత, రక్త దోషాల వల్ల పుట్టే పొక్కు ఇది, బూరుగు ముల్లు వలె ఉంటుంది అని దాని వివరణ. క్షుద్రమంటే ఇక్కడ నీచమని కాదు, చిన్నదని. వైద్యునికి అది చిన్నదే కావచ్చు. మోసేవారికి మాత్రం అలా తోచదు. బూరుగుచెట్టును దగ్గరగా చూసినవారికి ఆ పోలిక ఎంత సరిపోయిందో తెలుస్తుంది. లేత బూరుగుమాను నిండా అడుగున వెడల్పుగా, కొనన సూదిగా ముళ్లు లేచి ఉంటాయి. మాను ముదిరేకొద్దీ అవి తగ్గిపోతాయి.

నేటి వైద్యశాస్త్రం చెప్పే కథ మరికొంత వివరంగా ఉంటుంది. చర్మంలోని ప్రతి రోమకూపాన్ని అంటుకొని ఒక తైలగ్రంథి ఉంటుంది. అది స్రవించే సీబమనే జిడ్డు చర్మాన్ని ఎండిపోనీయక కాపాడుతుంది. యుక్తవయసు రాగానే ఆండ్రోజన్ అనే హార్మోన్లు ఈ గ్రంథులను మేల్కొలుపుతాయి. ఇవి మగపిల్లల్లో ఎక్కువగానూ ఆడపిల్లల్లో కొద్దిగానూ ఉంటాయి. జిడ్డు పెరుగుతుంది. కూపం గోడల నుంచి రాలే మృతకణాలు ఆ జిడ్డుతో కలిసి ముద్దకట్టి దారిని మూసేస్తాయి. ఆ మూసుకున్న గూటిలో, ఎప్పుడూ చర్మం మీదే నివసించే ఒక సూక్ష్మజీవి అతిగా వృద్ధి చెందుతుంది. అప్పుడు శరీరం తన రక్షణదళాన్ని అక్కడికి పంపుతుంది. ఎరుపు, వాపు, నొప్పి, చీము - ఇవన్నీ ఆ పోరాటపు గుర్తులే. పన్నెండేళ్లకూ ఇరవైనాలుగేళ్లకూ నడుమ ఉన్నవారిలో నూటికి సుమారు ఎనభై అయిదుగురు ఏదో ఒక మోతాదులో దీన్ని అనుభవించినవారే. తరగతిలో వెనుక బెంచీకి చేరి రుమాలు అడ్డం పెట్టుకున్న ఆ అమ్మాయికి ఈ లెక్క తెలియదు. తెలిసినా, చుట్టూ ఉన్నవారి ముఖాలను ఆమె చూడడం మానేసి చాలా రోజులైంది.

ఇందులో మురికి పాత్ర లేదన్నది మొదట తెలుసుకోవలసిన సంగతి. ముక్కు మీద నల్లగా కనిపించే చుక్క మట్టి కాదు. తెరుచుకున్న కూపంలోని ముద్దలో ఉన్న మెలనిన్ గాలి తగిలి ఆ రంగు తేలుతుంది. సబ్బుతో రోజుకు ఏడుసార్లు కడిగినా అది పోదు. పోయేది చర్మపు మెత్తదనం మాత్రమే. ఆ అమ్మాయి కడిగింది. సున్నిపిండితో గట్టిగా రుద్దింది. రుద్దుడుకు రేగిన చర్మం మరింత ఎర్రబడింది. గదిలో తోటి విద్యార్థినులు ఒక్కొక్కరూ ఒక్కొక్క ఉపాయం చెప్పారు. రాత్రి పళ్లు తోముకునే పేస్టు పూసుకొని పడుకుంటే పొక్కు మాడిపోతుందని ఒకరన్నారు. పొక్కేమో కాని, దాని చుట్టూ చర్మం నిజంగానే మాడింది. నిమ్మరసం పూసుకొని ఎండలో కూర్చోమని మరొకరన్నారు. నిమ్మరసంలోని కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నల్లని మరకలు వేస్తాయన్నది ఆ సలహా చెప్పిన పిల్లకు గాని, విన్న పిల్లకు గాని తెలియదు.

తిండి విషయంలో తెలుగిళ్లలో అన్నిటికీ వాడే మాట ఒక్కటే, వేడి. మామిడిపండు వేడి, కోడిగుడ్డు వేడి, బెల్లం వేడి. మామిడిపండు వచ్చే కాలమూ చెమటలు కారే కాలమూ కృష్ణాతీరంలో ఒకటే. ఉక్కపోత మొటిమలను రేపుతుంది, నింద పండు మీద పడుతుంది. పాశ్చాత్య దేశాల్లో ఇటువంటి నిందను చాలాకాలం చాక్లెట్టు మోసింది. 1969లో అమెరికాలో 65 మందికి చాక్లెట్టు దండిగా ఉన్న బిళ్లలు, అసలు లేని బిళ్లలు మార్చి మార్చి తినిపించి, తేడా కనిపించలేదని ప్రకటించారు. చాక్లెట్టు లేని బిళ్లలోనూ చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి కదా అని తరువాతివారు ఆక్షేపించారు. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకులపై 12 వారాలు జరిపిన పరిశీలనలో, రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచని ఆహారం తిన్నవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. కాబట్టి తియ్యని సీసా పానీయాలు, మైదా తినుబండారాలు తగ్గించుకొమ్మనడంలో న్యాయం ఉంది. పిల్లల నోటి ముందున్న మామిడిపండును లాక్కోవడంలో లేదు.

తలనూనె సంగతి వేరు. ఆ వసతిగృహంలో రెండు జడలకూ కొబ్బరినూనె కారేటట్టు పట్టించడం క్రమశిక్షణలో భాగం. అది నుదుటి మీదికి జారి కూపాలను మూసేస్తే, వెంట్రుకల అంచున వరుసగా చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. నూనె మానక్కరలేదు, నుదుటికి దిగకుండా పట్టించి, తల స్నానం చేస్తే చాలు. ఇంత చిన్న మాట చెప్పేవారు ఆ పిల్లకు అప్పట్లో ఎవరూ లేకపోయారు.

పరీక్షల భయం కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 22 మంది విద్యార్థులను మామూలు రోజుల్లోనూ పరీక్షల రోజుల్లోనూ పరిశీలించి 2003లో ఒక వ్యాసం ప్రకటించారు. మనసు మీద ఒత్తిడి ఎంత పెరిగితే మొటిమలు అంత ఉద్ధృతమయ్యాయని తేలింది. వారం వారం పరీక్షలు, గోడ మీద ర్యాంకుల పట్టిక, రాత్రి పదకొండు దాకా చదువు. విజయవాడ వసతిగృహాల్లోని పిల్లలకు పరీక్షల రోజులు కానివెన్నో చెప్పడం కష్టం.

నవంబరులో పరీక్ష రుసుము కట్టే గడువు వచ్చింది. దరఖాస్తుకు కొత్తగా తీయించిన ఫోటో కావాలన్నారు. అందరూ ఇచ్చారు. అధ్యాపకురాలు రెండుసార్లు అడిగినా ఆ అమ్మాయి రేపు రేపంటూ వచ్చింది. ఆ ముఖంతో తీసిన ఫోటో జీవితాంతం సర్టిఫికెట్ల మధ్య ఉండిపోతుందన్న భయం ఆమెది. ఆ వారంలోనే ఒక సాయంత్రం పిన్నీసు కొనతో గడ్డం మీది మొటిమను చిదిమింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసిన సంగతి ఉంది. మొటిమ తగ్గాక మిగిలేవి రెండు రకాలు: మచ్చ, గుంట. మన చామనఛాయ చర్మంలో రంగుకణాలు చురుకైనవి. చిన్న వాపు వచ్చినా అవి కలవరపడి అక్కడ రంగును కుమ్మరిస్తాయి. అందుచేత పొక్కు నాలుగు రోజుల్లో పోయినా దాని నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. తెల్లచర్మం వారిని దృష్టిలో ఉంచుకొని రాసిన పుస్తకాలు చదివినవారికి దీని బాధ అర్థం కాదు. మన పిల్లలు మొటిమకంటె మచ్చకే ఎక్కువ ఏడుస్తారు. అయితే మచ్చ పోతుంది. ఎండ తగలకుండా కాపాడుకుంటే ఇంకా త్వరగా పోతుంది. గుంట అలా కాదు. వాపు లోతుకు దిగి చర్మపు అల్లికను చెరిపేసినప్పుడు ఏర్పడేది గుంట. అది కాలంతో పూడదు. వేళ్లతో నొక్కినప్పుడు చీము బయటికి కొంత వస్తే, కూపం గోడ చిట్లి లోపలికి కొంత పోతుంది. పైపైన మాసిపోవలసినది లోతుగా నాటుకుంటుంది. పెద్ద మొటిమలు ఎవరూ ముట్టుకోకపోయినా గుంటలు వేయవచ్చు. వాటికి వైద్యుడే దిక్కు. కాని చాలామంది ముఖాల మీద మిగిలిన గుంటల్లో కొన్ని అద్దం ముందు గడిచిన రెండు నిమిషాల తొందరపాటు ఫలితాలే.

ఆ పిల్ల గడ్డం రెండింతలుగా వాచింది. మరునాడు ఆమె కళాశాల వీధిలోని మందుల దుకాణానికి వెళ్లి, ముఖానికి ఏదైనా ఇమ్మని అడిగింది. దుకాణదారు క్షణం ఆలోచించకుండా ఒక చిన్న గొట్టం తీసి ఇచ్చాడు. ఖరీదు కూడా ఎక్కువ కాదు. వారం తిరగకుండా అద్భుతం జరిగింది. ఎరుపు పోయింది, పొక్కులు అణిగాయి, ముఖం ఒక ఛాయ తేలింది కూడా. ఆమె అపరాధ రుసుము గడువు మిగిలి ఉండగానే స్టూడియోకు వెళ్లి ఫోటో దిగింది. ఆ ఫోటోలోని ముఖం పదవ తరగతి నాటి ముఖంకంటె తెల్లగా, నున్నగా ఉంది. ఒక ప్రతిని నాయనమ్మకు పంపింది.

ఆ గొట్టంలో ఉన్నది బలమైన స్టెరాయిడ్. గజ్జి, తామర, దురద, మంగు - దేనికైనా అదే ఇచ్చే దుకాణాలు మన దేశంలో కోకొల్లలు. స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది కనుక మొదటి రోజుల్లో గుణం కనిపిస్తుంది. అది వ్యాధిని తగ్గించదు, శరీరపు రక్షణదళాన్ని నిద్రపుచ్చుతుంది. వారాలు గడిచేకొద్దీ చర్మం పలుచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ముఖం మీద నూగు పెరుగుతుంది, కొత్త పొక్కులు లేస్తాయి. మానేద్దామంటే అంతకు ముందెన్నడూ లేనంత మంట, ఎరుపు. అది భరించలేక మళ్లీ పూస్తారు. ఈ దుర్వినియోగంపై చర్మవైద్యులు ఏళ్ల తరబడి మొరపెట్టుకోగా, 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను షెడ్యూల్ ‘హెచ్’లో చేర్చింది. అంటే వైద్యుని చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. నియమం పుస్తకంలో ఉంది. ఆ వీధిలోని దుకాణంలో ఆమెను చీటీ అడిగినవారు లేరు.

డిసెంబరు చివరికి మూడవ గొట్టం అయిపోయింది. చేతిలో డబ్బు లేక నాలుగు రోజులు ఆపింది. అయిదవ నాటికి ముఖం నిప్పుల్లో పెట్టినట్టు మండింది. నీళ్లు తగిలినా మంటే. సంక్రాంతికి అందరూ ఊళ్లకు బయలుదేరితే, చదువుకోవాలని సాకు చెప్పి ఆ అమ్మాయి వసతిగృహంలోనే ఉండిపోయింది. దసరా నాటి పిన్నమ్మలు, మేనత్తలు పండుగకు మళ్లీ వస్తారు. ఫోటో చూసి మురిసిపోయిన నాయనమ్మకు ఈ ముఖం ఎలా చూపించాలి? ఖాళీ గదిలో, దుప్పటి ముసుగులో, భోగి, సంక్రాంతి రెండూ గడిచిపోయాయి.

కనుమనాడు నాయనమ్మే వచ్చింది. అరిసెల డబ్బా పక్కన పెట్టి, ముసుగు తీయమంది. తీశాక చాలాసేపు మాట్లాడలేదు. ఏమైందని అడగలేదు, ఎవరు చేశారని అడగలేదు, వెన్నముద్దల ప్రస్తావన తేలేదు. తన చీరకొంగు చన్నీళ్లలో తడిపి, పిండి, ఆ బుగ్గ మీద ఒత్తకుండా ఆనించింది. "గోకకు తల్లీ. రేపు పెద్దాసుపత్రికి పోదాం" అంది. ఆ ముఖానికి కొన్ని నెలల్లో అందిన మొదటి సరైన చికిత్స అదే. చల్లని తడిగుడ్డ మంటను తగ్గిస్తుంది. వైద్యులూ అదే చెబుతారు.

ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ముందు వరుస పొడుగ్గా ఉంది. ఆ అమ్మాయి ఆ వరుసలో తనవంటి ముఖాలను చాలా రోజుల తరువాత మొదటిసారి చూసింది. గడ్డం గీసుకోవడానికి వీలులేక నెత్తురు పొక్కులతో నిలబడ్డ డిగ్రీ కుర్రవాడు, బుగ్గలు కందిపోయిన కొత్త పెళ్లికూతురు, చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి.

"ఈ క్రీము ఎవరు రాసిచ్చారమ్మా?" అని వైద్యురాలు అడిగింది.

"ఎవరూ రాయలేదండీ. షాపులో ఇచ్చారు."

క్రీము బాగా పనిచేసిందన్నదానికి సాక్ష్యంగా అమ్మాయి సంచీలోంచి ఫోటో తీసి చూపింది. వైద్యురాలు దాన్ని వెలుతురులో పట్టి చూసి, "ఇది నీ ముఖం కాదమ్మా, ఆ గొట్టం ముఖం" అంది. కోప్పడలేదు. ఆ గొట్టం ఇక ముట్టవద్దని, మంట కొన్ని వారాలు ఉండవచ్చని, అది చర్మం కోలుకుంటున్న దశ అని ముందే చెప్పింది. కడుపులోకి మందులు రాసింది. మొదటి నెల ముఖానికి దాదాపు ఏమీ ఇవ్వలేదు. రోజుకు రెండుసార్లు సౌమ్యమైన ద్రావణంతో రుద్దకుండా కడగడం, వాసన లేని తేమలేపనం రాయడం, బయటికి వెళ్లేటప్పుడు ఎండను ఆపే లేపనం, అంతే. ఇంత చిన్న చీటీ చూసి నాయనమ్మకు నమ్మకం కలగలేదు. ఏమీ చేయకపోవడానికి ఇంత దూరం రావాలా అన్నట్టు చూసింది.

రెండవ నెలలో రాత్రిపూట రాసుకోవడానికి అడాపలీన్ అనే మందు ఇచ్చారు. మొత్తం ముఖానికి కలిపి బఠాణీ గింజంత. అదీ మొదట రోజు విడిచి రోజు. పొక్కు మీద చుక్క పెట్టడం కాదు, పొక్కులు వచ్చే చోటంతా పలుచగా పూయాలి. ఎందుకంటే మొటిమ కంటికి కనిపించడానికి వారాల ముందే లోపల కూపం మూసుకుపోవడం మొదలవుతుంది. ఆ మందు కనిపించే మొటిమకంటె ఇంకా కనిపించని మొటిమకే ఎక్కువ. దాని గుణం తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదటి వారాల్లో చర్మం పొడిబారి, పొట్టు లేచి, ఒక్కోసారి పొక్కులు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. వాడేవారిలో చాలామంది మందు వదిలేసేది సరిగ్గా అప్పుడే.

ఆ అమ్మాయీ ఒకసారి వదిలేసింది. ఫిబ్రవరిలో ప్రయోగ పరీక్షల ముందురోజు నుదుటి మీద కొత్తగా రెండు లేచాయి. మందు గొట్టాన్ని బల్ల సొరుగులో విసిరికొట్టి, రాత్రి పది గంటలకు అద్దం దగ్గరికి వెళ్లింది. వేళ్లు నుదుటి దాకా వెళ్లాయి. వరండాలో ఎవరో బొద్దింక అంతర్నిర్మాణం వల్లె వేస్తున్నారు. ఆమె కొళాయి తిప్పి రుమాలు తడిపింది. పిండి నుదుటికి ఆనించుకొని, చల్లదనం పోయేదాకా అలాగే నిలబడింది. తరువాత గదికి వెళ్లి సొరుగు తెరిచింది. మరునాడు ఆ రెండు పొక్కులతోనే ప్రయోగశాలకు వెళ్లింది. పరీక్షాధికారి స్లైడును గురించి మూడు ప్రశ్నలు అడిగాడు. నుదుటిని గురించి ఒక్కటీ అడగలేదు.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. ఎడమవైపు పైన ఆ నవంబరు ఫోటో ఉంది. తెల్లగా, నున్నగా, ఎవరిదో ముఖం. అప్పటికి మంట పూర్తిగా పోయింది. కొత్త పొక్కులు తక్కువ. బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు మాత్రం చెల్లాచెదురుగా ఉన్నాయి. గడ్డం మీద పిన్నీసు పెట్టిన చోట కందిగింజంత గుంట మిగిలింది. ఫోటోకూ మనిషికీ పోలిక లేదని పరీక్షకేంద్రంలో ఆపేస్తారేమోనని ఆ పిల్లకు రాత్రంతా నిద్రపట్టలేదు.

మొదటి పరీక్షనాడు పర్యవేక్షకురాలు వరుసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. హాల్ టికెట్ చేతిలోకి తీసుకొని ఫోటో చూసింది. తల ఎత్తి ముఖం చూసింది. మళ్లీ ఫోటో చూసింది. అమ్మాయి రుమాలు ఒళ్లో పెట్టుకొని, ముఖం దించకుండా అలాగే కూర్చుంది.

"సంతకం ఇక్కడ చెయ్యమ్మా" అని పర్యవేక్షకురాలు పట్టిక ముందుకు జరిపి, వెనుక బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.